మందారాలకి ఎర్ర రిబ్బను

టెక్నీషియన్ కాలవ గట్టెక్కేసరికి మందార మొక్కలన్నీ వేళ్లతో సహా కుప్పగా పడి ఉన్నాయి. ముందు రోజు సాయంత్రం అతను పువ్వులా ముడివేసి కట్టిన ఎర్ర శాటిన్ రిబ్బన్లు వాటికి అలాగే ఉన్నాయి.

సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు గనక గట్టు మీద అందరికీ అతను టెక్నీషియనే. ఆదివారాలు చెత్త ఏరి, కలుపు తీసి, మొక్కలు నాటే ఆ గుంపులో అతను పచ్చదనం మీద ప్రేమతో చేరాడని గుంపు పెద్ద డ్రిల్లు మాస్టారు నమ్ముతున్నారు. మాస్టారి కూతురు మాత్రం నమ్మలేదు. ఆమె టైలరు. ఫోను అద్దం పగిలితే మార్పించుకోవడానికి వెళ్లి, మాటల్లో గట్టు పని సంగతి చెప్పింది. ఆ వెంటనే వచ్చిన ఆదివారం ఇస్త్రీ చొక్కాతో దిగాడు.

"మట్టి పనికి ఇస్త్రీ ఎందుకండీ?"

"అలవాటండీ."

"బురద కూడా అలవాటు చేసుకోండి మరి," అని తట్ట చేతికిచ్చింది. అప్పట్నుంచీ మనిషికి కాళ్లు నేల మీద ఆనడం లేదు.

ఆ గుంపుకి ఒక పద్ధతి ఉంది. ఎర్ర గుడ్డ కట్టిన మొక్కని పీకెయ్యాలి. ఎండిపోయినదో, పురుగు పట్టినదో ముందు రోజే చూసి ఆమె గుడ్డ పీలికతో గుర్తు పెడుతుంది. పొద్దున్నే వచ్చినవాళ్లు మారు మాట్లాడకుండా పీకేస్తారు. మొదటి రోజే మాస్టారు ఈ సంగతి విజిల్ ఊది మరీ చెప్పారు. అప్పుడు టెక్నీషియన్ కళ్లు ఆయన పక్కనున్న ఆమె మీదే ఉన్నాయి, చెవులు సెలవులో ఉన్నాయి. ఆ తర్వాత కూడా చెత్త ఏరే జట్టులోనే ఉండటంతో ఎర్ర గుడ్డలు అతని కంట పడలేదు.

ఆ మందారాలు ఆమె పెంచినవి. తన కుట్టు కొట్టు వెనక డబ్బాల్లో కొమ్మలు గుచ్చి, వేళ్లొచ్చేదాకా కనిపెట్టుకుని ఉండి, గట్టు మీద వరసగా నాటింది. ఆమె పుట్టినరోజుకి ఆ వరసంతా అలంకరిద్దామనుకున్నాడు మనవాడు.

"మార్కింగు నీదే కదమ్మాయ్," అంటున్నారు మాస్టారు కూతురితో. "నువ్వు పెట్టిన గుర్తు చూసే మీ అత్త పీకింది."

"ఈసారి శాటిన్ కట్టిందేమిటా అనుకున్నానన్నయ్యా," అంది మేనత్త. "పోయేటప్పుడైనా మర్యాదగా పంపుదామనుకుందేమోలే అని సరిపెట్టుకున్నా."

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నేను కట్టలేదు నాన్నా."

"ఆ రిబ్బను మన కొట్లోది కాదూ?"

"మన కొట్లోదే."

"మరి?"

ఆమె ఒక్కసారి టెక్నీషియన్ వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"ధ్యాస లేనప్పుడు బాధ్యత తీసుకోకూడదు. ఇకనుంచి మార్కింగు ఇంకొకరు చూస్తారు."

మాస్టారు మెల్లగా మాట్లాడినా అవతలి గట్టుకి వినిపిస్తుంది. ఆమె ముఖం ఎర్రబడింది. టెక్నీషియన్‌కి అప్పుడు సంగతి బోధపడింది. నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. నేల చీలలేదు. అతన్నెవరూ అనుమానించడం లేదు, బండి తాళం చేతిలోనే ఉంది. నోరు విప్పితే ఎందుకు కట్టావని అడుగుతారు. నోరు మూసుకుంటే మాట ఆమె పడుతుంది. తాళాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి, చివరికి ముందుకొచ్చాడు.

"మాస్టారూ, అవి నేను కట్టాను."

"నువ్వా? ఎందుకోయ్?"

"అందంగా ఉంటుందని."

"పీకేసే మొక్కకి అందమేమిటి?"

"పీకేస్తారని తెలీదండీ."

"మొదటి రోజే చెప్పాను కదా."

"వినలేదండీ."

"నా ఎదురుగానే నిలబడ్డావే."

"నిలబడ్డానండీ. మిమ్మల్ని చూడట్లేదు."

మేనత్త చేతిలో తట్ట కింద పెట్టింది. "ఎవర్ని చూస్తున్నావో అదీ చెప్పెయ్యి నాయనా."

అతను తలొంచుకుని తన బూట్లతో చెప్పుకున్నట్టు చెప్పాడు. "అమ్మాయిగారినండీ. ఇవాళ ఆవిడ పుట్టినరోజని కట్టాను. ఆవిడనేమీ అనకండి, తప్పు నాది."

అద్దం ముందు నేర్చుకున్న మంచి మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. చెవులు మండిపోతున్నాయి.

మాస్టారు విజిల్ నోటిదాకా తెచ్చి, ఊదకుండా దించేశారు. "ముందు వేళ్లు తడపండి, ఎండెక్కితే బతకవు. గోతులన్నీ నువ్వే తవ్వాలి."

తవ్వాడు. ఆమె బకెట్‌తో కాలవ నీళ్లు తెచ్చి, మొక్కలు ఒక్కొక్కటే అందించింది. సగం వరస అయ్యాక ఆమే కదిపింది.

"రిబ్బను మేనకోడలి జడలకన్నారు."

"అవునండీ."

"ఆ పాపకి టోపీ కుట్టమని మీ అక్క మొన్న వచ్చింది. తల మీద ఇంకా వెంట్రుకలే లేవు."

గడ్డపార గోతిలోనే ఉండిపోయింది. "అయితే నేనేనని మీకు తెలుసా?"

"కత్తిరించి ఇచ్చింది నేనేగా."

"మరి మాట పడ్డారెందుకు?"

"మీరు చెప్తారో లేదో చూద్దామని. చెప్పకపోతే మీ కొట్టున్న వీధిలో కూడా నడవకూడదనుకున్నా."

"ఒక్క క్షణం పారిపోదామనుకున్నానండీ," అన్నాడు. ఆ మాట చెప్పడం మాస్టారి ముందు చెప్పినదానికంటే కష్టమైంది.

"చూశాను. తాళం తిప్పుతూనే ఉన్నారు." ఆమె ఇంకో మొక్క అందించింది. "అయినా ఉన్నారుగా."

కొన్ని మొక్కలు పోయాయి. వానలు పడ్డాక మిగిలినవి చిగురించాయి. మార్కింగు మళ్లీ ఆమెదే. కొత్తవాళ్లకి ఎర్ర గుడ్డ సంగతి చెప్పే పని మాస్టారు టెక్నీషియన్‌కి అప్పగించారు. అతను చెప్పిన ప్రతిసారీ ఆ వెనక కథ మేనత్త చెప్పేది. అతను తలెత్తలేకపోయేవాడు.

మందారాలు మొదటిసారి పూసిన ఆదివారం అతను విజిల్ ఊది, "ఎర్ర గుడ్డ కట్టి ఉంటే పీకెయ్యాలి," అని మొదలుపెట్టగానే గుంపంతా నవ్వింది. చూసుకుంటే చొక్కా చేతి గుండీకి ఎర్ర పీలిక ముడివేసి ఉంది. ఇందాక తట్ట అందించింది ఆమే.

"అన్నయ్యా, ఇతన్ని పీకెయ్యాలట," అంది మేనత్త.

"పారెయ్యడానికి కాదత్తా," అంది ఆమె నేల చూపులు చూస్తూ. ఈసారి సిగ్గుపడటం ఆమె వంతయింది. "మనింటికి తీసుకెళ్లడానికి."

మాస్టారు కూతుర్నీ, ఆ ఇస్త్రీ చొక్కానీ మార్చి మార్చి చూశారు.

"అయితే వేళ్లు తెగకుండా తియ్యండి," అన్నారు.