వానకి కోపం ఉండదు

నల్లవి. ఎరుపు కాదు, నల్లవే. పొద్దున తనే కదా లేసులు కట్టింది. కుడికాలి లేసు కొస విడిపోతే నోటితో తడిపి చిల్లులోకి దూర్చింది కదా. పొద్దున కాదు, నిన్న పొద్దున. ఇవాళ పాపని బడికే పంపలేదు, అక్క ఇంట్లో వదిలి వచ్చింది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య గోడ కూలిపోయినట్టుంది. మరి వాడు ఎర్రబూట్లు అన్నాడేం? తప్పు చెప్పాడంటే పాపని చూడలేదన్నమాట. లేదంటే ఇంకెవరి పాపనో చూశాడు. చూసి తన పాపే అనుకుని, ఆ పిల్లని... ఛీ. మెట్లు ఎప్పుడు అయిపోయాయో తెలియలేదు. డాబా తలుపు దగ్గర, గొళ్ళెం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"డిటెక్టివ్ పిన్నిగారి కోసమైతే కింద అంతస్తులోనమ్మా," అని వెనకనుంచి ఎవరో అన్నారు. "ఆకాశం కోసమైతే సరైన చోటికే వచ్చారు."

ఆయన్ని అందరూ మాస్టారంటారు. లెక్కలు చెప్పి రిటైరై, తనకంటే చిన్నదైన పిన్నిగారి దగ్గర సహాయకుడిగా చేరాడు. "ముప్పై ఏళ్ళు జవాబు తెలిసిన లెక్కలే చేయించాను. జవాబు తెలియనివి ఈవిడ దగ్గరే చూశాను," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

కింద గదిలో పిన్నిగారు కిటికీ పక్క కుర్చీలో గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందేమోనని వచ్చినామె చెప్పడం ఆపింది.

"ఆపకమ్మా," అంది పిన్నిగారు. "కళ్ళు తెరిస్తే నీ మొహం చూస్తూ కూర్చుంటాను. మాట వినబడదు."

ఆమె చెప్పింది. తను ఒక సాయంకాల పత్రికలో డెస్కు ఇన్‌ఛార్జి. ఏ వార్త ఎక్కడ రావాలో తేల్చి, చివరికి పేజీని ప్రెస్సుకి వదిలేది తనే. వాళ్ళ విలేకరి ఒకడున్నాడు, పట్టుకుంటే వదలడు కాబట్టి జిడ్డు అని పేరు. అతను పెద్ద వార్త తెచ్చాడు. పెద్ద నాయకుడి కొడుకు దేశపు రేవుని ఒక విదేశీ కంపెనీకి కౌలుకి ఇప్పిస్తున్నాడు. ఆ కంపెనీలో కొంత వాటా తిరిగి ఆ ఇంటికే వస్తుంది. రేపు సభలో ఆమోదం. ఆ తర్వాత ఆ వార్త ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

"జిడ్డు ఎక్కడున్నాడు?"

"ఆస్పత్రిలో. వార్త ఇచ్చిన మర్నాడే లారీ కొట్టింది. కాలు రెండుచోట్ల విరిగింది. పోలీసులు ప్రమాదమంటున్నారు."

"నువ్వేమంటావు?"

"నేనేమీ అనడం లేదండీ. అనాలంటే భయంగా ఉంది."

నిన్న పేజీ సిద్ధమైంది. వదలబోతుంటే ఫోను వచ్చింది, తెలియని నంబరు. గుడ్డలోంచి మాట్లాడినట్టు గొంతు. తర్వాత చేస్తే ఆ ఫోను కట్టేసి ఉంది.

"ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు. దగ్గితే దగ్గు కూడా."

ఆమెకి జ్ఞాపకం తెచ్చుకోవలసిన పని లేకపోయింది. ఆ మాటలు రాత్రంతా తలలో తిరుగుతూనే ఉన్నాయి. "'రేవు వార్త తీసెయ్. మీ పాప ఎర్రబూట్లు వేసుకుని బడికెళ్ళింది. సాయంత్రం అవే బూట్లతో ఇంటికి రావాలిగా? ఆ జాగాలో వాన వార్త వేసుకో. వానకి మన మీద కోపం ఉండదు.' అంతే. పెట్టేశాడు."

"తీసేశావా?"

"తీసేశాను. వాన వార్తే వేశాను. లాయరు ఒకసారి చూడాలన్నాడని ఆఫీసులో అబద్ధం చెప్పాను."

"మీ ఎడిటరు ఏమన్నాడు?"

"పెద్దాయనా? 'నీ ఇష్టం అమ్మాయీ' అన్నారు. ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనరు."

"మళ్ళీ చెప్పు, ఫోను సంగతి."

ఆమె మళ్ళీ చెప్పింది. ఒక్క అక్షరం మారలేదు. పిన్నిగారు కళ్ళు తెరిచింది.

"ఎర్రబూట్లు అసలు ఉన్నాయా పాపకి?"

"పోయిన శనివారం కొన్నాను. ఆ మధ్యాహ్నం ఆఫీసుకి తీసుకెళ్తే అక్కడ టకటకలాడిస్తూ తిరిగింది. ఇంటికొచ్చేసరికి మడమ ఒరుసుకుపోయింది. మర్నాడే కొట్లో ఇచ్చేసి ఈ నల్లవి తెచ్చాం."

"లెక్క తేలింది!" అన్నాడు మాస్టారు. "కొట్టువాడు!"

"మాస్టారూ, కొట్టువాడికి రేవుతో ఏం పని?"

"అదీ నిజమే," అని ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆవిడ చేతిలో ఓడిపోయినప్పుడల్లా ఆయనకి అదొక తృప్తి.

"ఇవాళ పేజీ ఎప్పుడు వదలాలి?"

"మధ్యాహ్నం."

"అయితే పద."

వీధిలోకి రాగానే ఆమెకి లోకమంతా కళ్ళున్నట్టు అనిపించింది. గోడకి కాలు ఆనించి నిలబడ్డవాడు ఎందుకు నిలబడ్డాడు? ఆగి ఉన్న కారు అద్దం ఎందుకు సగమే దించి ఉంది? ఒక లారీ మలుపు తిరుగుతూ హారను కొడితే ఆమె పిన్నిగారి మోచెయ్యి పట్టుకుంది. ఇకనుంచి ఏ పిల్ల కాళ్ళ వంక చూసినా ముందు బూట్ల రంగే కనిపిస్తుందేమో. ఒక వింత ఆలోచన కూడా వచ్చింది. నిన్న ఆ గొంతు వింటున్నప్పుడు ఒళ్ళంతా చల్లబడింది, నిజమే. కానీ ఆ చల్లదనం అడుగున ఎక్కడో, చిన్నప్పుడు జ్వరం వస్తే ఎవరో నుదుటి మీద చెయ్యి వేసినట్టు ఉంది. అలా ఎందుకనిపించాలి? ఆ ఆలోచనని చీకటి గదిలోకి తోసి గడియ పెట్టింది.

రేవు వార్త సంగతి ఆఫీసులో తనకీ జిడ్డుకీ కాక ఇంకో ముగ్గురికి తెలుసు. పెద్దాయన, మేనేజరు, ఫొటోగ్రాఫరు. ఆఫీసుకి చేరగానే పిన్నిగారు మొదట మేనేజరు గదిలోకి వెళ్ళింది. అతను పెద్దాయనకి బావమరిది. బల్ల మీద విదేశీ చాక్లెట్ల డబ్బా విప్పి ఉంది.

"ఆ కంపెనీవాళ్ళు మీకు తెలుసా?"

"తెలియకపోవడమేం? ఏడాది పొడవునా ప్రకటనలిస్తామన్నారు. పోయిన వారమంతా వాళ్ళ దేశంలో అదే పని మీద ఉన్నాను. మొన్ననే దిగాను. దిగేసరికి ఈ వార్త. నోటి దగ్గరి ముద్ద లాక్కున్నట్టయింది."

"వార్త ఆగితే మీకు మంచిదే."

"మంచిదే. అయితే నేనే ఆపాననా? నాకు అంత ధైర్యం ఉంటే మా బావ దగ్గర జీతానికెందుకుంటానండీ!"

ఫొటోగ్రాఫరు మెట్ల మీద కూర్చుని లెన్సు తుడుచుకుంటున్నాడు. రాత్రంతా నిద్రలేనట్టున్నాడు.

"అక్కా, ఎవరీవిడ? పోలీసా?"

"పోలీసైతే కుర్చీ అడిగేదాన్ని," అంటూ పిన్నిగారు అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. "రేవు ఫొటోలు నీవేనా?"

"నావే. శనివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా జిడ్డన్నా నేనూ రేవులోనే. కాపలావాళ్ళు తరిమితే గోనెబస్తాల వెనక దాక్కున్నాం. ఇప్పుడు ఆ ఫొటోలు బయటికొస్తే తర్వాతి లారీ నాకే. అక్క వార్త తీసేసినప్పుడు, చెప్పాలంటే, బతికిపోయాననుకున్నా. ఆ తర్వాత జిడ్డన్న మొహం చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళలేకపోయా."

"ఫోను నువ్వు చేశావా?"

"నేనా? అక్క నా గొంతు తుమ్మితేనే పట్టేస్తుంది."

చివరికి అందరూ పెద్దాయన గదిలో చేరారు. పొడవాటి గది. ఆయన తెల్లగా, సన్నగా, బల్ల వెనక నిటారుగా ఉన్నాడు. కూతుర్ని ఆ పెద్ద నాయకుడి కొడుక్కే ఇచ్చాడని ఊరందరికీ తెలుసు. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆయన జవాబు సిద్ధంగా ఉంటుంది. "పిల్లనిచ్చాను గానీ కలం ఇవ్వలేదు." రేవు వార్త వెయ్యాలని గట్టిగా అన్నదీ ఆయనే.

మాస్టారు తలుపు వేసి దానికి వీపు ఆనించాడు. పిన్నిగారు నిలబడే మాట్లాడింది.

"ఈ అమ్మాయి తనకి ఫోను చేసినవాణ్ణి నాయకుడి మనిషే అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. కానీ నాయకుడి మనిషి ఎలా మాట్లాడతాడు? 'వానకి మీ మీద కోపం ఉండదు' అంటాడు. అంటే, మాకు ఉంటుంది, జాగ్రత్త అని. వీడు అలా అనలేదు. 'మన మీద' అన్నాడు. మాస్టారూ, మన అంటే ఎవరు?"

"చెప్పేవాడూ, వినేవాడూ. ఇద్దరూనూ," అన్నాడు మాస్టారు. అని ఒక్క క్షణం ఆగి, "అమ్మో!" అన్నాడు.

"అదీ సంగతి. కోపం వస్తే ఈ అమ్మాయి మీదా, తన మీదా కూడా వస్తుంది. అంటే వాడు కోప్పడేవాళ్ళ పక్క లేడు. ఈ అమ్మాయి పక్కన నిలబడి ఉన్నాడు. బెదిరించినవాడు కాదమ్మా వాడు, బెదిరినవాడు. పాపని 'మీ పాప' అనాలని ముందే అనుకుని ఉంటాడు, జాగ్రత్తగా అన్నాడు. వాన దగ్గరికి వచ్చేసరికి అలవాటు నోట్లోంచి జారింది. ఈ పత్రికలో మనిషే."

"మనం అనే మాట ఎవరైనా అంటారు," అన్నాడు మేనేజరు. "మా డ్రైవరు కూడా 'మన కారు' అంటాడు."

"అంటాడు. అందుకే ఆ ఒక్కమాట మీద ఆగలేదు. ఎర్రబూట్లు చూద్దాం. నిన్న పాప కాళ్ళకి అవి లేవు. వాడు పాపని నిన్న చూడలేదు, ఎవరినీ బడి దగ్గరికి పంపనూ లేదు. తన జ్ఞాపకంలో ఉన్న బూట్లు చెప్పాడు. ఆ బూట్లు ఈ ఆఫీసులోకి వచ్చింది ఒక్క శనివారమే. ఆ రోజు మేనేజరు గారు విదేశంలో ఉన్నారు. ఫొటోలు తీసే అబ్బాయీ జిడ్డూ గోనెబస్తాల వెనక ఉన్నారు." పిన్నిగారు ఆమె వైపు తిరిగింది. "చిన్నపిల్ల బూట్లన్నాక లేసులు ఊడతాయి. శనివారం ఇక్కడ వాటిని ఎవరు కట్టారమ్మా?"

ఆమె తలుపు వేసి గడియ పెట్టిన ఆ చీకటి గదిలోంచి ఎవరో నెమ్మదిగా తట్టారు. పాప ఈ బల్ల మీదే కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ముసలి చేతులు రెండు ముడి వేస్తున్నాయి. ఇంతసేపూ ఆ చేతులు లెక్కలోకి రాలేదు. వీపు ఆనించుకున్న గోడని ఎవరు లెక్కపెడతారు?

"పెద్దాయన," అంది ఆమె. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

ఆయన కాదనలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అది తీస్తే ఆయన మొహం ఎవరిదో అయిపోయింది.

"ఆ వాటా నా కూతురి పేరు మీద ఉంది," అన్నాడు. "సంతకం పెట్టమన్నారు, పెట్టింది. చదివావా తల్లీ అంటే, ఆ ఇంట్లో ఎవరూ చదివి పెట్టరు నాన్నా అంది. వార్త వస్తే వాళ్ళు ఎటో అటు తప్పించుకుంటారు. లోపలికి వెళ్ళేది అది."

"మరి వెయ్యమని నాతో ఎందుకన్నారు?"

"వద్దని ఎలా అనను? కలం ఇవ్వలేదని ఇన్నేళ్ళు నలుగురిలో అన్నవాణ్ణి. నేను ఆపితే నేనేమైపోవాలి? నువ్వు ఆపితే, భయపడి ఆపిందిలే, పసిపిల్ల ఉంది పాపం అంటారు. నా భయాన్ని నీ చేత మోయించాలనుకున్నా అమ్మాయీ. మొయ్యలేక నీ నెత్తిన పెట్టాను."

"నా పాప పేరు ఎత్తి."

"నాకు ఇంకే మాటా దొరకలేదు. దాని బూట్లే కళ్ళముందున్నాయి."

ఫొటోగ్రాఫరు మెట్ల మీద ఉన్నప్పటి గొంతుతోనే అడిగాడు. "మరి లారీ?"

"లారీ నాది కాదు," అన్నాడు పెద్దాయన. మొదటిసారి తలెత్తి అందరినీ చూశాడు. "అదే చెబుతున్నా. నేను చేసిన ఫోను అబద్ధం. నేను చెప్పిన భయం అబద్ధం కాదు. లారీ ఎవరిదో నాకు తెలియదు. తెలుసుకుందామని వియ్యంకుడికి ఫోను చేస్తే, 'మీవాడి కాలు ఎలా ఉంది బావగారూ' అని ఆయనే నన్ను అడిగాడు. నేను అప్పటికి ఆ మాట ఎత్తలేదు."

మాస్టారు తలుపు దగ్గరనుంచి కొంచెం పక్కకి జరిగాడు, అడ్డు తీసినట్టు.

"నా పని ఇంతవరకే అమ్మా," అంది పిన్నిగారు ఆమెతో, మెల్లగా. "ఫోను ఎవరు చేశారో చెప్పగలను. ఏం జరుగుతుందో చెప్పలేను. ధైర్యంగా ఉండమని కూడా చెప్పను. పాప నీది."

"నా కూతురు," అన్నాడు పెద్దాయన, ఇంకేదో అనబోయి. మాట పూర్తి కాలేదు.

ఆమె ఆయన వంక చూసింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. వచ్చింది వేరే ఏదో. ఇన్నేళ్ళు తను నిలబడింది ఈయన నీడలో కాదు, ఈయన భయం నీడలో. రెండూ చల్లగానే ఉంటాయి. తేడా తెలియలేదు. ఆయన కూతురు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తొచ్చింది. పెళ్ళినాడు నవ్వుతూ తన చెయ్యి పట్టుకున్న మనిషి. ఆ చెయ్యి ఇప్పుడు తన చెయ్యి మీద బరువుగా ఉంది. ఉండనీ. ఆ బరువు లేకుండా చేసే పని ఇది కాదు.

ఆమె డెస్కు దగ్గరికి వచ్చి అక్కకి ఫోను చేసింది. పాప గొంతు వినిపించింది. పెద్దమ్మ జడ వేస్తోందట, గట్టిగా లాగుతోందట. "ఇవాళ అక్కడే ఉండు నాన్నా, నేను వచ్చేదాకా గుమ్మం దాటకు," అంది.

పేజీ తెర మీద ఉంది. ఇవాళా అక్కడే ఉన్న వాన వార్త తీసేసి రేవు వార్త తిరిగి ఆ జాగాలోకి లాగింది. కింద ప్రెస్సులో ఎవరో "పేజీ ఏదీ?" అని అరుస్తున్నారు. వెనక పెద్దాయన గది తలుపు తెరిచే ఉంది. ఆయన అక్కడనుంచి చూస్తున్నాడని వీపుకి తెలుస్తోంది. ఆయన వచ్చి ఆపితే బాగుండునని ఒక్క క్షణం, నిజంగా, అనిపించింది. ఎవరూ రాలేదు. కింద అరుపు ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు. ఆ అరుపులోనే పేజీని ప్రెస్సుకి వదిలే మీట నొక్కింది.