మాస్టారి కారుకు పెద్ద డిస్కులు

“పట్టవండీ.”

“ఎందుకు పట్టవు?”

“మీ కారు చక్రం చిన్నది. మీరడిగే బ్రేక్ డిస్కు పెద్దది. చిన్నదాంట్లో పెద్దది పట్టదు. ఇది పిల్లలకు మీరు చెప్పాల్సిన పాఠం మాస్టారూ, నాచేత చెప్పిస్తున్నారు.”

అతని చెవులు వేడెక్కాయి. గ్యారేజీలోకి అడుగుపెట్టి ఎంతోసేపు కాలేదు, తను మాస్టారని ఈ అమ్మాయికెలా తెలిసింది? తలవంచి చూసుకుంటే చొక్కా చేతినిండా చాక్‌పీసు పొడి.

“మీ ఓనరుగారితో మాట్లాడొచ్చా?” అన్నాడు బింకంగా.

ఆ అమ్మాయి స్పానర్ కింద పెట్టి వెనక్కి తిరిగింది. “నాన్నా! ఈయనకు ఓనరు కావాలట!”

షట్టరు పక్కన కుర్చీలో నడుముకి దిండు ఆనించుకుని కూర్చున్న పెద్దాయన నవ్వాడు. “నా నడుం పడిపోయిన దగ్గర్నుంచి ఓనరూ అదే, మెకానిక్కూ అదే బాబూ. అందరూ దీన్ని బోల్టు అంటారు. ఒకసారి బిగిస్తే ఊడదు.”

ఊడనిది ఈ లోకంలో తనొక్కతే కాదని బోల్టుకు ఆ సాయంత్రమే తెలిసింది. మాస్టారు కదల్లేదు. నిలబడ్డచోటే సంగతంతా చెప్పాడు.

ఇల్లు కొండ మీద. అమ్మ కుట్టు షాపు కొండ కింద. రోజూ ఈ చిన్న కారులోనే అమ్మను దింపి బడికి వెళ్ళేవాడు. కిందటి నెల బట్టల మూటలతో, మరమ్మతు చేయించిన కుట్టు మిషన్లతో దిగుతుంటే కాలిన వాసన వచ్చింది. బ్రేకు పెడల్ మెత్తబడి కిందికంటా పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, మలుపులో మట్టిగట్టుకు ఆనించి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అమ్మ దిగి, మోకాళ్ళ నొప్పులతోనే ఇంటికి నడిచిపోయింది. ఆ తర్వాత ఏ బండీ ఎక్కలేదు. షాపు తెరవలేదు.

“ఆవిడ మళ్ళీ ఈ కారెక్కాలి. మళ్ళీ షాపు తెరవాలి. అందుకేం చెయ్యాలో అది చేస్తాను,” అన్నాడు.

బోల్టు చక్రం విప్పి చూసింది. “ప్యాడ్లు అరిగిపోయాయి. బ్రేక్ ఆయిలు పాతబడింది, వేడికి మరిగిపోయుంటుంది. రెండూ మారుస్తాను. తక్కువ గేరులో దిగండి. పెద్ద డిస్కులు అక్కర్లేదు.”

“కావాలి.”

“అవేస్తే కారు గబుక్కున ఆగిపోతుందనుకుంటున్నారేమో. టైరు పట్టును బట్టే బండి ఆగేది. పెద్ద డిస్కు వేడిని తట్టుకుంటుంది, అంతే.”

“నాకు కావాల్సిందీ అంతే.”

ఆమె ప్యాడ్లు, ఆయిలు మార్చి పంపేసింది. పీడా వదిలిందనుకుంది. మర్నాడు అతను వెనక సీటునిండా ఇసుక బస్తాలేసుకుని గ్యారేజీ ముందు ఆగాడు.

“ఎక్కండి. కొండ మీంచి దిగుదాం.”

“నాకు పనుంది.”

“ఇదీ పనే.”

దిగారు. గేరు తగ్గించే దిగారు. సగం దారి ఏమీ కాలేదు. బోల్టు కిటికీలోంచి చూస్తూ గెలిచినట్టే కూర్చుంది. చివరి మలుపు దాటగానే ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

“వాసన వచ్చిందా?” అన్నాడు.

“కొంచెం. పెడల్ మెత్తబడలేదుగా?”

“మెత్తబడేదాకా ఆగుదామా?”

ఆమె అతనివైపు చూసి, ఆపుకోలేక నవ్వేసింది. నవ్వితే ఆమె బుగ్గ మీది గ్రీజు మరక కూడా సొట్టపడింది. మాస్టారు రోడ్డు చూడటం ఒక్క క్షణం మర్చిపోయాడు.

“రోడ్డు చూడండి! సరే, మీ మాటే రైటు. ఈ కొండకి, ఈ బరువుకి పెద్దవే కావాలి. ఒక్కసారే చెప్తాను, మళ్ళీ అడక్కండి.”

ఇదే కారులో ఖరీదైన మోడలుకు పెద్ద డిస్కులూ, వాటికి సరిపోయే పెద్ద చక్రాలూ వస్తాయి. వాటిని దీనికి బిగించొచ్చు. కొత్త డిస్కులు, ప్యాడ్లు దుకాణంలో దొరికాయి. ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ల కోసం, చక్రాల కోసం ఇద్దరూ పాత బళ్ళ యార్డుకు వెళ్ళారు.

అక్కడ వాన పట్టుకుంది. కుప్పల మధ్య తిరిగి తిరిగి నాలుగు చక్రాలు ఏరారు. ఒకదానికి అంచు వంగి ఉందని ఆమె పక్కన పడేస్తే, అతను మారుమాట లేకుండా వెళ్ళి ఇంకోటి దొర్లించుకొచ్చాడు. తర్వాత గొడుగు విప్పి చక్రాలకు అడ్డంగా పట్టుకున్నాడు.

“మాస్టారూ.”

“ఊఁ?”

“చక్రాలు వానలో తిరగడానికే పుట్టాయి. ఇక్కడ తడుస్తున్నది నేను.”

అతను గబగబా గొడుగు ఇటు తిప్పాడు. దాని మీది నీళ్ళన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. కోప్పడదామని నోరు తెరిచిన బోల్టుకు అతని మొహం చూస్తే కోపం రాలేదు. ఎందుకు రాలేదో ఇంటికెళ్ళేదాకా ఆలోచించింది.

బిగించే రోజున గ్యారేజీలో ఇంకెవరూ లేరు, కుర్చీలో కునుకుతున్న పెద్దాయన తప్ప. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మాస్టారు సీట్లో కూర్చున్నాడు. బోల్టు చక్రం దగ్గర కూర్చుంది.

“నొక్కండి. పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలొద్దు.”

“వదలను.”

ఆ మాట అవసరానికి మించి గట్టిగా వచ్చింది. ఆమె తల పైకెత్తి చూసింది. అతను పెడల్‌కేసి చూస్తున్నాడు. మిగతా గాలి తీస్తున్నంతసేపూ ఇద్దరూ “నొక్కండి”, “నొక్కాను” తప్ప ఇంకేమీ అనుకోలేదు.

ఇసుక బస్తాలతో మళ్ళీ కొండ దిగారు. వాసన లేదు. పెడల్ రాయిలా నిలబడింది.

కానీ కారెక్కమంటే అమ్మ మాత్రం “బాగుందిరా, నువ్వెళ్ళు,” అని కిటికీ దగ్గర కూర్చుండిపోయింది.

అప్పట్నుంచి మాస్టారు రోజూ బడి అవగానే గ్యారేజీకి వచ్చేవాడు. ఒకరోజు ఎడంపక్క కీచుమంటోందనేవాడు, ఇంకోరోజు కుడిపక్క టిక్కుమంటోందనేవాడు. బోల్టు చక్రం విప్పేది, చూసేది, బిగించేది. “ఏమీ లేదు,” అనేది. “రేపు మళ్ళీ చూద్దాం,” అనేవాడు. వెళ్ళేముందు అమ్మ సంగతి అడిగేది. “ఇంకా ఎక్కలేదు. ఎక్కిస్తాను,” అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున బోల్టే కొండెక్కి వాళ్ళింటికి వచ్చింది.

“నేనేనండీ, కారు బాగుచేసిన బోల్టుని.”

మాస్టారి అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “నువ్వా? మావాడు రోజూ బోల్టు, బోల్టు అంటుంటే మీసాలుంటాయనుకున్నానే!”

“లేవండీ,” అంది బోల్టు సీరియస్‌గా. “నా పని మీద మీకు నమ్మకం లేదట. అడుగుదామని వచ్చాను.”

“నీ పనిని ఏమంటానమ్మా? ఆ మలుపంటేనే భయం.”

“నేను నడుపుతాను. నా పక్కన కూర్చోండి. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. దిగిపోవాలనిపిస్తే దిగండి, మీతో నేనూ నడుస్తాను.”

“మరి వీడు?”

“వెనక. ఇసుక బస్తాల బదులు.”

అమ్మ లేచి షాపు తాళాలు తీసుకుంది.

దారంతా ఆమె డోర్ హ్యాండిల్ వదల్లేదు. ఆ మలుపు రాగానే “ఆపు,” అంది. కారు కుదుపు లేకుండా ఆగింది. ఆమె దిగి, మట్టిగట్టు మీద ఆరోజు కారు ఒరుసుకున్న గీతను చూసింది. వంగి ముందు చక్రం దగ్గర వాసన చూసింది. అమ్మ తిరిగొచ్చి కూర్చుని బెల్టు పెట్టుకుంది.

“పోనీ. షాపు దాకా.”

కాస్త దూరం పోయాక ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది. “ఇంత మంచి పని, అందుకే ఇన్నాళ్ళు పట్టినట్టుంది.”

“అయిపోయి చాలా రోజులైందండీ.”

“మరి వీడు రోజూ గ్యారేజీకి వస్తున్నాడుగా?”

“శబ్దం వస్తోందంటారు. నాకెప్పుడూ వినబడలేదు.”

అమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. “ఏరా, నీకేం వినబడుతోంది?”

మాస్టారికి తప్పించుకునే దారి లేదు. తప్పించుకోవాలనీ అనిపించలేదు.

“శబ్దం లేదమ్మా. అబద్ధం చెప్పాను. ఈ అమ్మాయిని చూడకపోతే నాకు పొద్దు గడవట్లేదు. నాకు ఈమంటే ఇష్టం. ఈమెకు కూడా ఇష్టమైతే పెళ్ళి చేసుకుంటాను.”

కారు రోడ్డు మధ్యలో టక్కున ఆగింది.

“మళ్ళీ చెప్పండి,” అంది బోల్టు, వెనక్కి తిరక్కుండానే.

“వినబడింది కదా?”

“వినబడింది. మళ్ళీ వినాలనుంది.”

“ముందు నన్ను షాపు దగ్గర దింపండర్రా,” అంది అమ్మ. “తర్వాత ఎన్నిసార్లైనా చెప్పుకోండి!”

బిగుసుకుపోయిన షట్టరును మాస్టారు పైకి లేపాడు. అమ్మ మిషన్ మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ బోల్టును అడిగింది, “మీ నాన్నగారు ఉంటారా?”

“గ్యారేజీలో ఉంటారు.”

“అయితే ఇద్దరూ ఇటునుంచి ఇటే వెళ్ళండి. సంగతి పెద్దాయనకు మీ నోటనే తెలియాలి.”

పెద్దాయన ముందు నిలబడి మాస్టారు నీళ్ళు నమలకుండా, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాడు. ఎన్నడూ ఎవరికీ తలవంచని బోల్టు పక్కనే నిలబడి కాలి బొటనవేలు చూసుకుంటోంది.

పెద్దాయన నడుం పట్టుకుని లేచి, తన కుర్చీ అతనివైపు జరిపాడు.

“కూర్చో అల్లుడూ. బాగున్న చక్రాన్ని రోజూ విప్పి చూసే మెకానిక్‌ని నా సర్వీసులో చూళ్ళేదు. మీ ఇద్దరిలో ముందు ఎవరు చెప్తారా అనే చూస్తున్నాను.”