గోపయ్య మంద

"ఒరేయ్ ప్రసన్నా... చచ్చాన్రా... కుక్క కరిచిందిరా నాయనా!"

కోటేశ్వరమ్మగారి కేకకు వనస్థలిపురంలోని ఆ వీధి వీధంతా ఉలిక్కిపడింది. గేటు దగ్గర చతికిలబడి, ఎడమ మడమను రెండు చేతులా పట్టుకుని ఆవిడ శోకాలు పెడుతోంది. పక్కనే గోపయ్య... తోక ఊపుకుంటూ, నాలుక బయటపెట్టి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా నిలబడి ఉన్నాడు! వంటింట్లోంచి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చిన అమల ఆ మడమ వైపు చూసింది. మొన్నటికి మొన్న అత్తగారి చీర కుచ్చెళ్ళు చిరిగాయి. ఆ తర్వాత మడమ గీరుకుంది. ఇవాళ ఏకంగా పంటిగాట్లు, నెత్తుటి చుక్క!

"చూశావా నీ ముద్దుల కొడుకు చేసిన పని?" ప్రసన్నకుమార్ కర్ర పట్టుకుని ఊగిపోతున్నాడు. "అమ్మ కావాలా, కుక్క కావాలా? ఇప్పుడే తేల్చు అమలా!"

"ఏమండీ... నోరులేని జీవమండీ... కొట్టకండి!" గోపయ్యకు అడ్డంగా కూర్చుండిపోయి భోరుమంది అమల. "అత్తయ్యా, మీరు గేటు దాకా ఎందుకొచ్చారు? ఏం కావాలన్నా నన్ను పిలవచ్చుగా..."

కోటేశ్వరమ్మగారి కళ్ళు ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగాయి. "కూరలబండి అరుపు వినిపిస్తే వచ్చానమ్మా! నా ఇంటి గేటు దగ్గరికి నేను రావడానికి కూడా నీ అనుమతి కావాలా?"

ఆ పూట కూరలబండి రానేలేదు. ఆ సంగతి అమలకు తెలుసు. కానీ ఎలా అంటుంది? కుక్కను కాపాడుకోవడానికి అత్తగారికి అబద్ధాలు అంటగట్టే కోడలని రేపు వీధంతా చెప్పుకోదూ! అత్తగారి మాటకు ఎదురుచెప్పడం ఆ ఇంటి ఆచారం కాదు. గొంతు దాకా వచ్చిన మాటను అమల మింగేసింది. ఆ మింగిన మాటే తర్వాత ఇంత పని చేస్తుందని పాపం ఆమెకేం తెలుసు...

గోపయ్య ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది. ప్రసన్నకుమార్ ఆఫీసులో చక్రపాణిగారికి విశాఖపట్నం బదిలీ అయితే, అపార్టుమెంటులోకి కుక్కను రానివ్వరని వీళ్ళకు అప్పగించి వెళ్ళాడు. కోలీ జాతి. ఎక్కడో చలిదేశపు కొండల మీద గొర్రెలు కాసే జాతట! టీకాలు వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు దాని మెడ నిమిరి నవ్వాడు. "మీరు దీన్ని పెంచుకుంటున్నామనుకుంటారమ్మా. ఇదేమో మిమ్మల్ని కాస్తున్నాననుకుంటుంది!" ఆ మాటకు అందరూ నవ్వుకున్నారు. నవ్వుకుని మర్చిపోయారు. అదే వాళ్ళు చేసిన పొరపాటు.

"గోపయ్యేమిటే, కుక్కకు కృష్ణుడి పేరా! కళ్ళుపోతాయి!" అని మొదటిరోజే విసుక్కుంది కోటేశ్వరమ్మగారు. ఆవిడ బాధ కృష్ణుడి గురించి కాదులెండి, తన మడిచీర గురించి! ఎవరేమనుకున్నా గోపయ్య మాత్రం తన ఉద్యోగం తాను చేసుకుపోయాడు. దీపాలు పెట్టే వేళకు గదిగదీ తిరిగి ఇంట్లోవాళ్ళను చూసుకునేవాడు. చైతన్యపురిలో కోచింగు నుంచి కూతురు సింధూర రావడం ఆలస్యమైతే, ముద్ద ముట్టకుండా గేటు దగ్గరే కూర్చునేవాడు. భోజనాల వేళ టీవీ ముందున్న ప్రసన్నకుమార్‌ను తలతో నెట్టి, గదిలో పుస్తకాల ముందున్న సింధూరను నెట్టి, అందరినీ ఒక్కచోటికి చేర్చాకే తను కూలబడేవాడు. ఈ కాలంలో నలుగురూ కలిసి కూర్చుని అన్నం తినే ఇల్లు ఏదైనా ఉందా అంటే, అది గోపయ్య చలవ వల్ల ఆ ఇల్లే!

ఇక అమలకైతే... వాడు కుక్క కాదు. అమ్మ పోయినప్పుడు భర్త రెండు రోజులు ఓదార్చి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. కూతురికి పరీక్షలు. మధ్యాహ్నాలు కుట్టుమిషను ముందు కూర్చుని, గుడ్డ తడిసేలా ఏడుస్తుంటే, వాడే మెల్లగా వచ్చి ఒళ్ళో తలపెట్టి పడుకునేవాడు. ఎందుకేడుస్తున్నావని అడగడు, ఊరుకో అనడు. అంతకంటే తోడు ఇంకేం కావాలి!

అలాంటివాణ్ణి పంపేయాలి. ఎక్కడైనా ఊరి బయట వదిలేసి వస్తానని ప్రసన్నకుమార్ స్కూటరు తీశాడు. అమల ఏడుస్తూ అండాలమ్మకు ఫోన్ చేసింది. అండాలమ్మది నల్గొండ పల్లె. ఒకప్పుడు వీళ్ళ పక్కవాటాలో కిరాయికి ఉండి, ఇప్పుడు సరూర్‌నగర్‌లో సొంత ఇల్లు కట్టుకుంది. మొగుడు అంతయ్యది ఆటో. గంటలో ఇద్దరూ వచ్చారు.

"నోరులేని దాన్ని అడివిల ఇడ్సొస్తవా సారూ? పాపం తల్గుతది! నాకియ్యుండ్రి, నేను సాదుకుంట" అంది అండాలమ్మ. "ఏడ్వకు బిడ్డా. ఎప్పుడు బుద్ధి పుడితె అప్పుడొచ్చి సూసిపో."

గోపయ్య బుద్ధిగా ఆటో ఎక్కాడు. ఎక్కి, వెనక్కి చూశాడు. గబుక్కున దూకి అమల వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ దగ్గర తలపెట్టి ఆటో వైపు నెట్టడం మొదలుపెట్టాడు! ఒకరు మిగిలిపోయారని వాడి పరేషాన్! "నేను రాకూడదురా నాన్నా... నువ్వొక్కడివే వెళ్ళాలి..." అంటూ అమల కుప్పకూలిపోయింది. ప్రసన్నకుమార్ కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. కిటికీలోంచి చూస్తున్న కోటేశ్వరమ్మగారు ఎందుకో ఆ పూట అన్నం తినలేదు.

అవి తెలంగాణ ఉద్యమం భగ్గున మండుతున్న రోజులు. నేడు బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి మౌన దీక్ష. పాతికేళ్ళ కిందట తెనాలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఈ కుటుంబానికి లోలోపల ఏదో గుబులు. బజారుకు వెళ్తే అమల ఎక్కువ మాట్లాడేది కాదు. నోరు విప్పితే ఏ ఊరివాళ్ళో తెలిసిపోతుందిగా!

ఆ ఆదివారం రోడ్ల మీద వంటావార్పు అన్నారు. అంటే జనమంతా నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. బస్సులు లేవు, ఆటోలు లేవు. మేడ మీద బట్టలారేసి కిందికి దిగిన అమలకు గేటు బార్లా తెరిచి కనిపించింది. అత్తగారి గది ఖాళీ! ఆవిడ పట్టుచీర పెట్టెలో లేదు, చేతిసంచీ చిలక్కొయ్యకు లేదు...

"ఏమండీ! అత్తయ్య లేరండీ!"

ఆ వీధీ ఈ వీధీ వెతికారు. గుడిలో లేదు, పార్కులో లేదు. ప్రసన్నకుమార్ స్కూటరు మీద హయత్‌నగర్ వైపు వెళ్ళాడు. సింధూరను ఇంటి దగ్గర ఉంచి, అమల ఎల్బీనగర్ వైపు నడిచింది. నడవడమేమిటి, పరుగు! విజయవాడ రోడ్డంతా జనం, జెండాలు, డప్పులు. డెబ్భై దాటిన మనిషి... ఆ పట్టుచీర, ఆ తెనాలి యాస... ఎవరైనా ఏమన్నా అంటే? కళ్ళు తిరిగి పడిపోతే? కుక్కను పంపేసిన కోపంతో అత్తగారిని గాలికొదిలేసిందని రేపు తన భర్తే అంటే?

జెండా పట్టుకున్న ఒక కుర్రాణ్ణి అడగబోయి ఆగింది. మళ్ళీ ధైర్యం తెచ్చుకుంది. "బాబూ... పెద్దావిడ... పట్టుచీర కట్టుకుని... మా అత్తగారు... కనపడ్డారా?"

"గా వంకాయల పెద్దమ్మనా?" కుర్రాడు నవ్వాడు. "మీ అత్తనా అక్కా! పొద్దటిసంది అందర్ని తిట్టవట్టె! గా షామియాన కింద ఉన్నది, పోండ్రి!"

షామియానా కింద గుండిగల్లో అన్నం కుతకుతమంటోంది. ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని కూరలు తరుగుతున్నారు. వాళ్ళ నడిమధ్య కత్తిపీట ముందేసుకుని, కొంగు బిగించి... కోటేశ్వరమ్మగారు! "ఇదేం పెళ్ళివంటర్రా! వంకాయలు ఉప్పునీళ్ళలో వెయ్యకపోతే నల్లబడవూ? మీ పెళ్ళిపెద్ద ఎవరు, పిలవండి!" అని గదమాయిస్తుంటే, ఆ ఆడవాళ్ళు "వేస్తున్నం పెద్దమ్మా, కోప్పడకు!" అంటూ మురిసిపోతున్నారు. ఆ గుండ్రం చుట్టూ ఊపిరి కూడా పీల్చనంత శ్రద్ధగా కాపలా తిరుగుతున్నాడు... గోపయ్య!

"గోపయ్యా!" అంది అమల. వాడు పరుగెత్తుకొచ్చి ఆమె చేతులు నాకి, వెంటనే వెనక్కి వెళ్ళి ఆమెను కూడా గుండ్రంలోకి నెట్టాడు!

"రా బిడ్డా రా!" పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది అండాలమ్మ. "పరేషాన్ గాకు, పెద్దమ్మకేం గాలె. నీకు ఫోన్ జేస్తె కలుస్తలేదు. ఇంట్ల ఒక్కడుంటె ఏడుస్తడని వీణ్ణి నా ఎంబడి తెచ్చుకున్న. జరసేపటికి సూస్తె ఏముంది! పెద్దమ్మ రోడ్డు నడుమల పోతున్నది, ఎదురుంగ పోలీసు బండ్లు రయ్‌న ఒస్తున్నయ్! నేను లేసే లోపట్నే వీడు తాడు గుంజుకోని ఉరికిండు. మొరగలె, మీద వడలె. ఎనుకకెల్లి పోయి మడిమె కాడ గిట్ల పట్టిండు, ఇడ్సిండు. ఆమె ఇటు మర్లింది. మల్ల అటు పోవట్టె, మల్ల పట్టిండు. గట్లనే మల్పుకుంట తెచ్చి మా నడుమ కూసోవెట్టిండు!"

అమలకు అప్పుడు తట్టింది. మడమ దగ్గర పట్టి, వదిలి... మంద తప్పిపోతున్న గొర్రెను మళ్ళించినట్టు! అయితే గేటు దగ్గర వాడు చేసిందీ అదేనా? ఒకసారి కాదు, ప్రతిసారీ అదేనా? వాడు కరిచాడని కర్ర ఎత్తారు, ఇంట్లోంచి వెళ్ళగొట్టారు! "భగవంతుడా..." అంటూ ఆ నడిరోడ్డు మీదే వాడి మెడ కౌగిలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

అమల చేసిన ఫోన్ అందుకుని ప్రసన్నకుమార్ వచ్చాడు. కొడుకును చూడగానే కోటేశ్వరమ్మగారి చేతిలో వంకాయ ఆగిపోయింది. చుట్టూ చూసింది. జెండాలను చూసింది, గుండిగలను చూసింది. ఆ కళ్ళలో పెళ్ళిసందడి మాయమై భయం నిండింది.

"ప్రసన్నా... ఇది పెళ్ళి కాదు కదరా?"

"కాదమ్మా. నువ్వు ఇక్కడికెలా వచ్చావమ్మా?"

"తెనాలి బస్సు ఎక్కుదామని..." ఆవిడ వంకాయ కింద పెట్టేసింది. "నాకేమిటో ఈ మధ్య ఏమీ తెలియడం లేదురా. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంటాను, ఉన్నట్టుండి ఇది ఎవరిల్లో అనిపిస్తుంది. పట్టాభి అన్నయ్య తెనాలిలో ఎదురుచూస్తున్నాడనిపిస్తుంది. గేటు దాటుతాను. వాడొచ్చి మడమ పడతాడు. చురుక్కుమంటుంది... అప్పుడు గుర్తొస్తుంది, అన్నయ్య పోయి ఇరవై ఏళ్ళయిందని! ఎక్కడికి బయల్దేరావని మీరు అడిగితే ఏం చెప్పను? మతి పోయిందని తెలిస్తే నన్నేం చేస్తారోనని... కరిచింది, కరిచింది అని అరిచేదాన్ని. నోరులేనివాడి మీద వేసేశానురా నా పాపం!"

"అమ్మా!" చిన్నపిల్లాడిలా తల్లి ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు ప్రసన్నకుమార్. "నిన్నేం చేస్తామే మేము! ఎంత మాటన్నావే!" తర్వాత తలెత్తి భార్యను చూశాడు. "అమలా... నన్ను క్షమించు. అమ్మ కావాలా, కుక్క కావాలా అని అడిగాను కదూ..."

"నాదీ తప్పుందండీ. ఆ రోజు కూరలబండి రాలేదని నాకు తెలుసు. అత్తయ్యను అడిగి ఉంటే..." అంటూ అత్తగారి పాదాల దగ్గర కూర్చుని, ఎండిపోయిన ఆ గాటును కొంగుతో తుడిచింది.

"మీ ఏడ్పులు సల్లగుండ! కడుపుల ఏం లేకుంట ఎంతసేపు ఏడుస్తరు?" అని అండాలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే కసురుకుని, విస్తళ్ళు పరిచింది. ఆ రోడ్డు మీద, ఆ జనం మధ్య, తెనాలి మనుషులూ నల్గొండ మనుషులూ ఒకే పంక్తిలో వంకాయకూర తిన్నారు. గోపయ్యను ఇంటికి తీసుకుపొమ్మని, తాడు అమల చేతిలో పెట్టింది అండాలమ్మ.

బళ్ళు లేవు కాబట్టి తిరుగు ప్రయాణం నడకే. స్కూటరు నెట్టుకుంటూ ప్రసన్నకుమార్ ముందు నడుస్తుంటే, గోపయ్య అటు పరుగెత్తి అతన్ని ఆపుతాడు, ఇటు పరుగెత్తి వీళ్ళను తొందరపెడతాడు. కోడలి భుజం పట్టుకుని నడుస్తున్న కోటేశ్వరమ్మగారు హఠాత్తుగా ఆగింది.

"అమలా... ఇప్పుడు నాకు తెలివి ఉంది కాబట్టి చెబుతున్నాను. రేపు ఇదంతా మర్చిపోతాను. మళ్ళీ వాడు కరిచాడంటాను. ఒట్టేసి మరీ చెబుతాను. అప్పుడు నా మాట నమ్మకమ్మా... వాణ్ణి నమ్ము."

అమల ఆ ముడతల చేతిని తన గుండెకు హత్తుకుని, కళ్ళనీళ్ళతోనే నడిపించుకుపోయింది.

వారం తిరక్కుండానే, ఒక సాయంత్రం గేటు దగ్గర్నుంచి కేక వినిపించింది. "ఒరేయ్ ప్రసన్నా... కుక్క కరిచిందిరా!"

కర్ర కోసం ఎవరూ వెతకలేదు. ప్రసన్నకుమార్ టీవీ ఆపి బయటకు వెళ్ళాడు. చెప్పులు వేసుకుని, తల్లి చేతిలోని సంచీ తను అందుకున్నాడు.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"తెనాలి నాయనా. అన్నయ్య ఎదురుచూస్తుంటాడు."

"పద, నేనూ వస్తాను."

తల్లీ కొడుకూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధి చివరి దాకా వెళ్ళారు. వాళ్ళ వెనకాలే గోపయ్య వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు ఇద్దరినీ మళ్ళించుకుని ఇంటికి తీసుకొచ్చాడు.