తలుపేసే మాత్ర, తలుపుతీసే చూర్ణం

తెల్లారి పోతమ్మ చేపల గంప సర్దుకుంటుంటే మొగుడు దాలయ్య పెరట్లోంచి పొట్ట పట్టుకుని వచ్చాడు. చాలా ఏళ్లుగా ఇదే వరస. ఒక వారం ఆగకుండా విరేచనాలు, ఇంకో వారం అసలు అవ్వదు, ఎప్పుడూ మెలితిప్పే నొప్పి. పరీక్షల్లో ఏమీ తేలలేదు. జాలరిపేటలో నలుగురూ నవ్వుతారని అతను ఎవరికీ చెప్పనివ్వలేదు, కూతురికి కూడా.

ఆ కూతురు ఆశ, రాముని ఇష్టపడి పెళ్లి చేసుకుని పెందుర్తిలో ఉంటోంది. పురుడు కూడా అత్తవారింట్లోనే పోసుకుంది. దాలయ్య ఇంకా మనవరాలి ముఖం చూడలేదు. బస్సులో అంతదూరం వెళ్తుంటే మధ్యలో విరేచనమైతే ఎలాగని భయం.

ఆ పొద్దున్నే ఆశ వచ్చింది, పిల్లను అత్తకి అప్పజెప్పి.

"వచ్చే నెల గుంటదానికి అన్నప్రాసన. వత్తావా అయ్యా?"

"సేపలేటకెళ్లాలే."

"ఎప్పుడడిగినా ఏటేనా? రాముని సేసుకున్నానని ఇంకా కోపమైతే తిట్టేయ్. లేదా నాకు అయ్య లేడనుకుంటాను."

ఆ మాటకి దాలయ్య గోడకు చేరబడిపోయాడు. "కోపం కాదే తల్లీ. కడుపు. బస్సెక్కితే ఏటవుద్దోనని బయ్యం."

ఆశ తండ్రి పక్కనే కూలబడింది. "ఇదేటయ్యా, దీనికోసమా నన్నిన్నాళ్లు ఏడిపించావు?"

అప్పుడు అతను చూరులో దాచిన మాత్రలు తీశాడు. వన్ టౌన్‌లో కొన్నవి, విరేచనాలు ఆపేవి, దొంగచాటుగా మింగుతున్నాడు. పోతమ్మ నోరు నొక్కుకుంది.

"నీకు అవట్లేదని నాను మజ్జిగలో సూర్ణం కలిపేత్తన్నాను మావా."

ఆశ ఇద్దరినీ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆమె అంతా విని నవ్వేసింది. "ఒకటి తలుపేస్తుంటే ఇంకోటి తీస్తోంది. పేగేం చేస్తుంది పాపం?"

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇది పుండు కాదు, పేగు నడక తప్పడం. ప్రాణం మీదకు రాదు, బాధ మాత్రం నిజమే. ఆపే మాత్ర విరేచనాన్ని ఆపుతుంది కానీ నొప్పిని తీయదు. మెలిక సడలించే మాత్ర వేరే ఉంది. అవక ఇబ్బందిపడే రోజుల్లో ఇసబ్గోల్ పొట్టు మేలు. "అన్నీ కలిపి మింగొద్దు. ముందు మెలికల మాత్ర వాడి చూద్దాం. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు."

దాలయ్యకి అదే పడింది. పూర్తిగా పోలేదు గానీ, పొద్దున్నే సముద్రం వైపు చూసే తీరిక దొరికింది.

అన్నప్రాసన రోజు బస్సులో ఒకసారి కడుపు గుర్రుమంది. పోతమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి సర్దుకుంది. పెందుర్తిలో రాము ఎదురొచ్చి, "రండి మావా" అని సంచీ అందుకున్నాడు.

మనవరాలిని ఒడిలో పెట్టగానే దాలయ్యకి కళ్లు మసకబారాయి. పిల్ల తాత మీసం పట్టుకుని లాగింది, ఓసారి ముక్కింది, కొత్త పంచె కాస్తా పాడుచేసింది. ఆశ కంగారుగా పిల్లనందుకోబోయింది.

"ఉండనీయే," అన్నాడు దాలయ్య, పిల్లను ఇంకా దగ్గరికి పొదువుకుంటూ. "సుకంగా అయింది గుంటకి. నాకు తెలుసు దాని ఇలువ."

పందిరంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా దాలయ్యే నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.