రాయి దగ్గర చదివిన అధ్యాయం

అరకులోయ కాలేజీలో చరిత్ర చెప్పే గాయత్రికి ఆరేళ్లుగా ఒకే మనిషితో పోరు. ఆ మనిషి పోయి డెబ్బై ఏళ్లయింది. పేరు ఓటో ఫాన్ రేడెన్‌బర్గ్, జర్మన్ బారన్, జమీందారు లాంటి దొర. పద్దెనిమిదేళ్లకే గుర్రపు దళంలో చేరాడు, మొదటి ప్రపంచయుద్ధంలో కెప్టెనయ్యాడు, రెండు పతకాలు సంపాదించాడు. ఓడిపోయిన దేశాన్ని వదిలేసి వచ్చి, ఈ కొండల్లో కాఫీ తోట వేసుకుని ఇక్కడే కన్నుమూశాడు. అంతా దొరికింది, 1917 తప్ప. ఆ ఏడాది మహానుభావుడు ఏ కాగితంలోనూ లేడు. థీసిస్ చూసే ప్రొఫెసర్ జగన్నాథరావు ఆ ఖాళీ దగ్గర ఎర్రగీత పెట్టి మూడుసార్లు తిప్పి పంపాడు. గడువు సోమవారంతో సరి. గాయత్రికి ఒళ్లు మండిపోయింది. "ఆ ఏడాది గాయాలతో ఆసుపత్రిలో ఉన్నాడు" అని సొంతంగా ఒక వాక్యం రాసి, పొద్దున్నే విశాఖలోని ప్రొఫెసర్‌కి మెయిల్ చేసేసింది.

మధ్యాహ్నం ఫొటో కోసం, బారన్ పేరిట రాయి నిలబెట్టిన ఊరికి వెళ్లింది. అక్కడి పెద్దాయన బుధు తాత, చిన్నప్పుడు బారన్ గుర్రాలు చూసేవాడు.

"రాయి నిలబెట్టాం గానీ కత సెప్పలేదమ్మా," అన్నాడు బుధు. "మా ఊల్లో పోయినోడి బతుకంతా రాయి కాడ ఒకరు సెప్పాల. అప్పుడే ఎల్తాడు. ఈయన కత మాకెవులికీ తెల్దు. నువ్వు సదువు."

చదివితే ఏం పోయిందనుకుంది. ఫోన్‌లో థీసిస్ తెరిచి పైకి చదవసాగింది. పొగమంచు కాఫీ మొక్కల మీదుగా దిగి రాయి చుట్టూ చేరింది. ఆసుపత్రి వాక్యం దగ్గరికి రాగానే తడిసిన గుర్రం వాసన కొట్టింది. ఊళ్లో గుర్రాలు లేవు.

బుధు తలెత్తలేదు. "అది నిజవేనా అమ్మా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నిజమే."

వెనక ఏదో అలికిడి... బరువైన బూట్లు. ఒక అడుగు. ఇంకొకటి.

"తెల్దని సెప్పీ. బేగి."

"తెలీదంటే డాక్టరేట్ ఎవడిస్తాడు?" ఆమెకు విసుగూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆరేళ్లు... సెలవులన్నీ... ఒక్క ఏడాది కోసం...

మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

"తెలీదు," అంది గుసగుసగా. "నేనే కల్పించాను."

ఊపిరి ఆగింది. వాసన పోయింది.

"ఆ అబద్దం ఇంకెవులికీ సెప్పలేదు కదా?" అడిగాడు బుధు.

గాయత్రి రోడ్డు మీదికి పరుగెత్తింది. సిగ్నల్ అందగానే ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఆ ఆసుపత్రి వాక్యం కొట్టేయండి."

"ఎందుకమ్మా? ఇప్పుడే మా ఆవిడకి పైకి చదివి వినిపించా. బాగా కుదిరింది. సంతకం పెట్టేశా, నీకు డాక్టరేట్ వచ్చినట్టే."

ఆరేళ్లు ఎదురుచూసిన మాట.

"అన్నట్టు, చదవడం అవ్వగానే, బారన్ తాలూకు మనిషట, ఒక ముసలి దొర వచ్చి వెళ్లాడు. నిలువునా తడిసిపోయి ఉన్నాడు, ఇక్కడ వానే లేదు. ఆ ఏడాది సంగతి నీకొక్కదానికే చెబుతాడట. మీ ఇల్లెక్కడని అడిగితే చెప్పా. నువ్వొచ్చేదాకా బయట కూర్చోమన్నాను. అక్కర్లేదు, తాళంచెవి ఉందన్నాడు."

గాయత్రి సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. తాళంచెవి లేదు.