రెండో పిలుపు

ఆగస్టులో ఆ గ్రీకు దీవి మీద వాన పడటమే విడ్డూరం. మేరీమాత పండగకని ఎవాంథియా వాళ్ళు పిరేయస్ పట్నం నుంచి అత్తగారింటికి సెలవులకు వచ్చిన నాటి నుంచీ ఒకటే ఎండ. ఆ రోజు మాత్రం సముద్రం మీద నల్లటి మబ్బు లేచి, మధ్యాహ్నానికే ఇంట్లో దీపం పెట్టాల్సినంత చీకటి చేసింది. సున్నపు గోడలు చెమ్మగిల్లి పాత గుడ్డల వాసన వేస్తున్నాయి.

మేడ మీద గదిలో ఆమె నాలుగేళ్ల కూతురు లెనియో ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. నిమ్మరసం పిండిన కోడి సూపు ఒక్క చెంచా కూడా గొంతు దిగలేదు. దాని తండ్రి స్ట్రాటిస్ మందు కోసం పడవేసుకుని అవతలి రేవుకు వెళ్ళాడు. అతను వెళ్ళాకే గాలి తిరిగింది.

ఎవాంథియా కాలుగాలిన పిల్లిలా మేడకీ వంటింటికీ తిరుగుతోంది.

"కూర్చో అమ్మాయ్. నువ్వు తిరిగితే పడవ తొందరగా వస్తుందా?" అంది అత్తగారు ఆర్గిరో, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

తలుపు చప్పుడైంది.

"ఎవాంథియా!"

స్ట్రాటిస్ గొంతే. ఎవాంథియా గడియ తీయబోయింది. ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుంది.

"పలక్కు," అని గుసగుసలాడింది. "రెండోసారి పిలవనీ."

ఆ దీవిలో ఎవరూ మొదటి పిలుపుకి పలకరు. మట్టిలో కుళ్ళని శవం లేచి వచ్చి పేరు పెట్టి పిలుస్తుందనీ, దానికి ఒక్కసారే పిలిచే శక్తి ఉంటుందనీ, పలికినవాళ్ళు మర్నాటికి బతకరనీ నమ్మకం. పెళ్ళయిన కొత్తలో ఈ మాట విని ఎవాంథియా పడీ పడీ నవ్వింది. "మీ పిరేయస్‌లో దొంగ తలుపు కొట్టినా ఉరుకుతారు కాబోలు!" అని అత్తగారు దెప్పింది. ఇప్పుడు నవ్వు రాలేదు.

"మీ అబ్బాయే అత్తయ్యా! పాపకి మందు తెచ్చాడు!"

"నా కొడుకైతే మళ్ళీ పిలుస్తాడు. ఊహ తెలిసినప్పుడే నేర్పాను వాడికి."

ఇద్దరూ గడియకేసి చూస్తూ నిలబడ్డారు. వాన... గాలి... మళ్ళీ వాన. రెండో పిలుపు రాలేదు.

అత్తగారి మీద ఒళ్ళు మండింది ఎవాంథియాకి. చెయ్యి విదిలించుకుంది. అయినా గడియ తీయలేదు. భయపడింది, అంతే.

చాలాసేపటికి మళ్ళీ చప్పుడు.

"ఎవాంథియా! ... ఎవాంథియా!"

తలుపు తీశారు. తడిసి ముద్దయిన స్ట్రాటిస్ లోపలికొచ్చాడు. చేతులు ఖాళీ.

"మందేదీ?"

"ఇందాక నీకే ఇచ్చాగా!"

"నాకా?"

"పిలవగానే 'వస్తున్నా' అన్నావు. తలుపు ఓరగా తీసి సీసా అందుకున్నావు. పడవ కొట్టుకుపోతుంది, వెళ్ళి కట్టెయ్యమన్నావు. నువ్వు పలక్కపోతే రెండోసారి పిలిచేవాణ్ణే కదా!"

గడియ కదల్లేదు. ఇద్దరూ కళ్ళారా చూశారు. ఆర్గిరో శిలువ గుర్తు వేసుకోబోయింది. చెయ్యి నుదుటిదాకా లేవలేదు.

ముగ్గురూ మెట్లెక్కి పరుగెత్తారు. మంచం పక్కన బల్ల మీద మందు సీసా ఉంది. మూత తీసి ఉంది. చెంచా తడిగా ఉంది. లెనియో దిండుకి ఆనుకుని కూర్చుని, దుప్పటి కప్పుకుని గుమ్మంకేసి చూస్తోంది.

స్ట్రాటిస్ దాని నుదురు తాకి చూశాడు. "అమ్మయ్య, చల్లబడింది!"

"మందు ఎవరు పోశారమ్మా?" అంది ఎవాంథియా.

"నువ్వేగా! గుమ్మంలో నించుని 'లెనియో' అని పిలిచావు."

"ఎన్నిసార్లు పిలిచింది తల్లీ?" అడిగింది ఆర్గిరో.

"ఒక్కసారే నాయనమ్మా. నేను వెంటనే పలికాను." మెచ్చుకుంటారేమోనని పాప అందరి మొహాలూ చూసింది. "మళ్ళీ వస్తానన్నావుగా అమ్మా. ఎక్కడికెళ్తున్నాం మనం?"

ఎవాంథియా దుప్పటి లాగేసింది. పాప కాళ్ళకి పండగ కోసం కొన్న కొత్త బూట్లు ఉన్నాయి. లేసులు గట్టిగా బిగించి, ముడి వేసి ఉన్నాయి. లెనియోకి ఇంకా ముడి వేయడం రాదు.