ఏడక్షరాల పేరు

మా వీధి చివర జాత్మికో నెట్ సెంటర్ ఉంది. ఉందంటే... షట్టర్ ఉంది, దాని పైన ఎండకి వెలిసిపోయిన బోర్డు ఉంది. మనిషే లేడు. దీపాలు పెట్టే వేళ దాటిందంటే ఆ షట్టర్ ముందు నుంచి ఎవరూ నడవరు. చుట్టు తిరుగుడైనా సరే, వెనక సందులోంచి పోతారు.

ఎందుకంటే లోపల్నుంచి మోత వస్తుంది.

పాత కంప్యూటర్ ఆటల్లో వినిపించే టింగుటింగు మోత. అవే నాలుగు ముక్కలు, తిరిగి తిరిగి. నడుమ మీటలు నొక్కిన చప్పుడు — టక్... టక్... తీరిగ్గా, ఒక్క వేలితో.

మాంసం ముక్కలు గుచ్చిన సాతే పుల్లలు కాల్చి అమ్మే పర్మిన్ ఓసారి తెలియక అక్కడ బండి ఆపాడు. బొగ్గులు విసురుకుంటుంటే షట్టర్ వెనక గుసగుస. ఎవరో బేరానికొచ్చారనుకుని "ఎన్ని పుల్లలు కావాలి?" అన్నాడు. గుసగుస ఆగలేదు. వంగి, కింది సందులోంచి చూశాడు...

తల నుంచి పాదాల దాకా ఒకటే తెలుపు.

బండి వదిలేసి మా గస్తీ పాక దాకా పరిగెత్తుకొచ్చాడు. ఆ పూట కాపలా నాదే. బండి తెచ్చిందీ నేనే — ఇద్దర్ని తోడు తీసుకుని.

జాత్మికో కొండ మలుపులో వానకి బైకు జారి చనిపోయాడు. మా ఊరు సలతిగలో మా ఈడు వాళ్లందరికీ కంప్యూటర్ మీద చెయ్యి పెట్టడం నేర్పింది అతనే. భార్య వెనింగ్, తల్లి సర్మిని మిగిలారు. కొన్నాళ్లకి వెనింగ్ మళ్లీ పెళ్లి చేసుకుంది. బజారులో కంప్యూటర్లు బాగుచేసే వాస్కితోని. అతనొచ్చి అదే ఇంట్లో, ఆ దుకాణం పైన మేడ మీద కాపురం పెట్టాడు. ముసలామె కూడా వాళ్లతోనే.

ఇప్పుడు చెప్పేదంతా ఆ వాస్కితో మా గస్తీ పాకలో, అల్లం టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పింది.

వాస్కితోకి దెయ్యమంటే భయం లేదు. చచ్చిపోయినవాడి మీద కుళ్లు మాత్రం ఉండేది. కుళాయి బాగుందంటే — జాత్మికో వేయించిందట. పక్కింటివాళ్ల కంప్యూటర్ బాగుచేసి ఇస్తే — పాపం జాత్మికో కూడా ఇలాగే చేసి పెట్టేవాడట, ఇంకా తొందరగా. బతికున్నవాడితో అయితే పోట్లాడొచ్చు. చచ్చినవాడికి ఏడాదికేడాదికీ మంచితనం పెరగడమే గాని తగ్గడం ఉండదు.

గస్తీ పాకలో మావాళ్లు మాత్రం ఊరుకుంటారా.

"ఒరేయ్ వాస్కితో, ఇల్లు ఆయనది, మంచం ఆయనది. ఆఖరికి రొయ్యకారం కూడా ఆయన నాలుకకి తగ్గట్టు నూరిందే. నీదంటూ ఏముందిరా ఆ ఇంట్లో?"

"గురక ఉందిగా" అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. వాస్కితో కూడా నవ్వాడు. ఇంటికెళ్లాక నిద్ర పట్టలేదట.

ఒక సాయంత్రం అతను బజారు నుంచి వచ్చేసరికి కింద ఆ మోత వినపడుతోంది. మెట్ల దగ్గర నిలబడ్డాడు. మోత ఆగింది. దుకాణం లోపలి తలుపు తెరుచుకుని వెనింగ్ బయటికొచ్చింది... కళ్లు తుడుచుకుంటూ.

"ఏం చేస్తున్నావ్ లోపల?"

"దుమ్ము దులుపుతున్నా."

"చీకట్లోనా?"

ఆమె పైకి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే అతని ముందు ఒక పాత కంప్యూటర్ తెచ్చి పెట్టింది. దుకాణంలో అన్నీ అమ్మేసినా అదొక్కటి అమ్మలేదు. తెరిచి చూస్తే లోపల బోర్డు ఉబ్బిపోయి, ఇవాళో రేపో అన్నట్టుంది.

"ఏమండీ, ఇందులో ఓ ఆట ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చి పెట్టరూ?"

"ఎవరిది?"

"ఇంట్లోదే."

"ఇంట్లో ఎవరిది?"

"పాత ఆటండీ. మీ చేతనైతే చెయ్యండి, లేకపోతే వదిలెయ్యండి."

చేతనైతే — ఆ మాట గుచ్చుకుంది. జాత్మికో అయితే ఈపాటికి చేసేసేవాడని ఆమె అనలేదు. అతనికి మాత్రం అలాగే వినపడింది.

పాత డిస్కు ఊడదీసి, కేబుల్ తగిలించి, ఆట ఫోల్డర్ మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కించాడు. తెరిస్తే నల్లటి తెర. అంతే. కొత్త సిస్టమ్‌లో, పాత సిస్టమ్‌లా నటించమని చెప్పే సర్దుబాటు ఒకటి ఉంటుంది. అది పెట్టాడు. బొమ్మ వచ్చింది, రంగులు రాలేదు... సముద్రం నెత్తురులా ఎర్రగా, మనుషుల మొహాలు ఆకుపచ్చగా. అది సరిచేశాడు. ఈసారి వేగం. పాత యంత్రం నిదానానికి తగ్గట్టు రాసిన ఆట కొత్తదాంట్లో పిచ్చెత్తినట్టు పరిగెత్తింది. రోజు వెంట రోజు కన్నుమూసి తెరిచేలోగా తెల్లారి, పొద్దుగూకి, మళ్లీ తెల్లారి. దానికీ పగ్గం వేశాడు.

మిగిలింది దాచిపెట్టిన ఆట — అంటే అంతవరకు ఆడిందంతా గుర్తుంచుకునే ఫైలు. పాత ఆట తన ఫోల్డర్లోనే రాసుకుంటానంటుంది, కొత్త సిస్టమ్ అక్కడ రాయనివ్వదు. ఫోల్డర్ని తీసి బయట విడిగా పెట్టాడు.

అప్పుడు తెరుచుకుంది.

ఒక జాలరి గూడెం. ఒడ్డున తాటాకు ఇల్లు. గుమ్మంలో లాంతరు పట్టుకుని ఒక ఆడమనిషి, సముద్రం వైపు చూస్తూ. దూరం నుంచి పడవ వచ్చింది. పడవవాడు దిగి నడుస్తుంటే వాడి తల మీద పేరు — జాత్మికో.

ఆడమనిషికి పేరు లేదు. జడ ముడి మాత్రం ఉంది... వెనింగ్ వేసుకునే ముడిలాంటిదే.

ఇద్దరూ మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. టింగుటింగు మోత మొదలైంది.

వాస్కితో చూస్తూ కూర్చుండిపోయాడు. ఈ ఇంట్లో అన్నం తిని, ఈ ఇంటి కప్పు బాగుచేయించి, వానాకాలం అంతా బకెట్లు మోసింది తను. ఈ ఆటలో సాయంత్రమయ్యేసరికి ఆమె లాంతరు పట్టుకుని ఎదురుచూసేది వాడి కోసం.

ఆట మూసేశాడు. దాచిపెట్టిన ఫైలుని అక్షరాలు కనపడేలా తెరిచాడు. చెత్తగుర్తుల మధ్య ఆ పేరు స్పష్టంగా ఉంది. మా ఊళ్లో పేర్లు రాసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే; ఆ లెక్కన జాత్మికో అంటే ఏడు అక్షరాలు. ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా ఫైలు పాడైపోతుంది. తన పేరు లెక్కపెట్టుకున్నాడు.

అదీ ఏడే.

ఒక్కో అక్షరం చెరిపి ఒక్కో అక్షరం కొట్టాడు. దొంగతనం చేస్తున్నట్టు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూశాడట.

"అయిపోయింది. ఆడుకో" అని ల్యాప్‌టాప్ వెనింగ్‌కి ఇచ్చాడు. ఆమె మొహం ఎంత వెలిగిందంటే... అది చూసి ఇంకా మండింది.

మర్నాడు గురువారం. సాయంత్రం మసీదు దగ్గర ఆడవాళ్ల పారాయణానికి వెళ్తానని వెనింగ్ పొద్దున్నే చెప్పింది. వాస్కితో బజారు నుంచి తొందరగా వచ్చేశాడు. సన్నగా మంచు దిగుతోంది. వీధిలో నరపురుగు లేదు.

షట్టర్ వెనక మోత — తను సరిచేసిన వేగంతో.

"పారాయణమట" అనుకున్నాడు.

చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా మెట్ల కింది తలుపు దగ్గరికి వెళ్లాడు. తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి. చీకట్లో తెర వెలుతురు... ఆ వెలుతురు ముందు, జాత్మికో కుర్చీలో —

తెల్లగా. తల నుంచి పాదాల దాకా ఒకటే తెలుపు.

ఆ తెలుపు తెర మీదికి వంగింది. గొంతు వినపడింది. పొడిగా, గాలిలాగా, ఒక్కో ముక్కగా...

"వా... స్... కి... తో..."

తన పేరు. చీకట్లో. చచ్చినవాడి కుర్చీలోంచి.

అతని చెయ్యి తలుపుకి తగిలింది. కీచుమంది. ఆ తెలుపు మెల్లగా ఇటు తిరిగింది...

ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ముడతలు. సర్మిని.

సాయంత్రం నమాజుకి తలమీద నుంచి కప్పుకున్న తెల్లటి వస్త్రం విప్పకుండానే దిగొచ్చి కూర్చుంది ముసలామె. రోజూ అంతేనట.

"నువ్వా నాయనా" అంది. తప్పు చేసి దొరికినట్టు తెరకి అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఎవరికీ చెప్పకు. ముసలిదానికి మతి పోయిందంటారు. వెనింగ్‌తో కూడా ఒట్టు వేయించుకున్నాను."

"ఇక్కడేం చేస్తున్నావ్ పెద్దమ్మా?"

"అన్నం పెడుతున్నా." కుండ బొమ్మ మీద వేలు చూపించింది. "మావాడు బతికుండగా నేర్పాడు. నాకు సాయంత్రాలు పొద్దు పోదని. పడవ వచ్చేలోగా కుండ మీద నొక్కాలి. లేకపోతే తినకుండా పడుకుంటాడు."

గుమ్మంలో లాంతరు పట్టుకున్నది వెనింగ్ కాదు, ఈ తల్లేనని వాస్కితోకి అప్పటికి తెలిసింది. పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే, ముసలామె బెంగ చూడలేకే ఆ రోజు వెనింగ్ కళ్లు తుడుచుకుంది.

"ఇవాళ వేరేవాడెవరో వచ్చాడు" అంది ముసలామె. "కూడబలుక్కుని చదివాను. నీ పేరులాగుందే."

"మరి... వాడికి పెట్టావా?"

"పెట్టక? వాడూ సముద్రం మీద నుంచేగా వచ్చాడు."

వాస్కితో వంగి చూశాడు — మెట్టు మీద కూర్చున్నవాడి తల పైన తన పేరే. తర్వాత ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"నేనే మార్చాను పెద్దమ్మా. కుళ్లు పుట్టింది. మళ్లీ మార్చేస్తాను... మార్చనా?"

"మార్చు" అందామె వెంటనే. "వీడూ మంచివాడేలే, ఒద్దిగ్గా తిన్నాడు. నాకు మాత్రం మావాడు కావాలి."

ఆట మూశాడు. ఫైలు తెరిచాడు. ఈ ఒక్క పనీ చేసేస్తే మనసు తేలికపడుతుందనిపించిందట. ఆ పేరు తన చేత్తో, అక్షరం అక్షరం, తిరిగి రాసివ్వాలని.

చెత్తగుర్తుల మధ్య పేరు వెతికాడు. దొరికింది.

జాత్మికో.

మళ్లీ చూశాడు. వేరే ఫైలేమోనని అన్నీ వెతికాడు. ఉన్నది అదొక్కటే. రెండు నిమిషాల కిందట తెర మీద తన పేరు తన కళ్లతో చూశాడు. ముసలామె పైకి చదివింది. వెనింగ్ ఇంకా మసీదు దగ్గరే ఉంది. ఆ గదిలో మరో మనిషి లేడు.

మెడ వెనక చల్లగా తగిలింది.

ఏమీ ముట్టుకోకుండా ఆట మళ్లీ తెరిచాడు. పడవ వచ్చింది. కొడుకు దిగాడు, నడిచొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"వచ్చేశాడు" అంది సర్మిని. వాస్కితో చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. "చల్లగా ఉండు నాయనా. ఎంత తొందరగా చేశావు."

నేను కాదని చెప్పలేకపోయాడు.

ఇదంతా చెప్పి వాస్కితో చల్లారిన టీ పక్కన పెట్టాడు. గురక అని వెక్కిరించినవాడే గొంతు సవరించుకుని అడిగాడు, "భయమెయ్యలేదురా?"

"వేసింది. కానీ దానికంటే..." వాస్కితో వీధి చివరికి చూశాడు. "ఆ ఒక్క మంచిపనైనా నన్ను చెయ్యనివ్వలేదురా వాడు."